అవతలి పళ్లెంలో గొంతు

గురువారం ఫ్యామిలీ డే. ఆ రోజు సైన్స్ మ్యూజియంలోకి బ్యాచిలర్లను రానివ్వరు. జాబేజ్ బ్యాచిలరే గానీ, చేతిలో టూల్ బాక్సు, ఒంటి మీద మెయింటెనెన్స్ వాళ్ల నీలం యూనిఫారం ఉన్నాయి. అవి ఉన్నంతసేపూ అతనెవరి కళ్లకీ ఆనడు.

బయట వాన. సౌదీలోని దమ్మామ్‌లో ఎప్పుడో గానీ మొహం చూపించని వాన, అద్దాల మీద తీరిగ్గా జారుతోంది.

హాలుకు ఈ చివరొకటి, ఆ చివరొకటి, మనిషెత్తు గుండ్రటి పళ్లేలు రెండున్నాయి. ఒకదాని ముందు గుసగుసగా మాట్లాడితే, మధ్యలో పిల్లలెంత గోల చేసినా, ఆ మాట రెండోదాని దగ్గరున్నవాళ్ల చెవిలోనే పడుతుంది. జాబేజ్ వదులైన బోల్టు బిగించి, పనిచేస్తోందో లేదోనని చెవి పెట్టాడు.

"భయమెందుకు? మెల్లగా ఊపిరి తీసుకో. ఇప్పుడు చెప్పు."

అవతల ఎవరో ఒకావిడ చిన్నపిల్లతో అంటోంది. తెలుగులో! జాబేజ్ చేతిలోని స్పానరు జారి కాలి మీద పడింది. నొప్పి తర్వాతెప్పుడో తెలిసింది.

రెండేళ్లుగా అతను వెతుకుతున్నది ఆ గొంతునే.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో ఒక సాయంత్రం, ఆసుపత్రిలో ఏసీ బాగుచేస్తుంటే సైరన్ మోగింది. అందరితోపాటు బేస్‌మెంట్‌లోకి పరుగెత్తి గ్యాస్ మాస్కు తగిలించుకున్నాడు. ఫిల్టరుకున్న రబ్బరు బిరడా తియ్యాలని తెలియదు మహానుభావుడికి. బయట విషవాయువు సంగతేమో గానీ, లోపల గాలే లేదు. పోయాననే అనుకున్నాడు. "యేసయ్యా" అన్న మూలుగు వినబడిందేమో, మాస్కులో ఉన్న ఒక నర్సు వచ్చి ఆ బిరడా లాగేసి, అతని అరచేతిలో పెట్టి, తెలుగులో సరిగ్గా ఈ మాటలే అంది. సైరన్ ఆగింది. జనం చెదిరిపోయారు. ఆమె మొహం అతను చూడనే లేదు, ఆసుపత్రిలో నర్సుల గురించి ఆరా తీసే వీలూ లేదు.

ఇప్పుడు హాలు ఆ చివర నల్లటి అబాయాలో ఒకావిడ, పక్కన ఇద్దరు ఆడపిల్లలు, కాస్త ఎడంగా వాళ్ల అమ్మానాన్నలు. పరాయి ఆడమనిషి దగ్గరికి వెళ్లి పలకరిస్తే అతని ఉద్యోగం ఊడుతుంది, ఆమెకు మాట వస్తుంది. కానీ పళ్లెం ఉందిగా!

"ఏవండీ," అన్నాడు పళ్లెంలోకి. "బేస్‌మెంటు, బిరడా... గుర్తున్నాయాండి?"

ఒక నవ్వు వచ్చి చెవికి తగిలింది.

"మీరా! మాస్కు పెట్టుకోడం ఇప్పటికైనా వచ్చిందా?"

"రాలేదండి. మళ్ళీ మీరే నేర్పాలి."

"ఆ బిరడా ఎక్కడ పారేశారు?"

"నా టూల్ బాక్సులోనే ఉందండి. జాబేజండి నా పేరు. మాది అమలాపురం అవతల."

"జ్ఞానమణి. ఒంగోలు." ఆమె గొంతు కాస్త తగ్గింది. "పేర్లు తెలిసి ఏం లాభంలెండి. ఎల్లుండి నన్ను తబూక్ ఆసుపత్రికి పంపేస్తున్నారు."

తబూక్ అంటే దేశానికి ఆ కొస. ఇవాళ అడక్కపోతే ఈ గొంతు ఇక దొరకదు. గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"మిమ్మల్ని మళ్ళీ పోగొట్టుకోలేనండి. మీ మొహం కూడా చూళ్లేదు, అయినా అడుగుతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

అవతల దగ్గు వినబడింది. మగ దగ్గు.

"నాకు ఇద్దరు బిడ్డలున్నరు గద తమ్మీ," అంది ఒక బొంగురు గొంతు.

జాబేజ్ గిరుక్కున తిరిగి చూశాడు. పిల్లలు జ్ఞానమణిని సబ్బు బుడగల ఆట దగ్గరికి ఎప్పుడు లాక్కుపోయారో! ఆమె చోట్లో వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు.

"క్షమించండి సార్! నేను..."

"దిలావర్ అంటరు నన్ను. నిజామాబాద్. మా ఇంటామె సురయ్యా, ఆ సిస్టరు ఒక్క ఆసుపత్రిల్నే చేస్తరు. ఈడ ఆమెకు అన్న లెక్క నేనే. పెద్దమనిషిని ముందుగాల అడిగినవ్, పద్ధతైన పోరనివే. ఈడ ఉండేటందుకు ఇఖామా ఉన్నదా?"

"ఉందండి."

"తాగుతవా?"

"టీ అండి."

పళ్లెం నిండా నవ్వు మోగింది. "రేపు జుమా నమాజు అయినంక మా ఇంటికి బిర్యానీకి రా. తబూక్‌కు ఫోన్లు లేవా, బస్సులు లేవా? సెలవులకు పోయి ఊర్ల పెండ్లి చేసుకోండ్రి. గని ఆమె ఏమంటదో విను ముందు. ఇగో, వచ్చింది."

అబాయా గరగర వినబడింది.

"మీరేదో అడిగారంటగా? నేను వినలేదే!"

జాబేజ్ పళ్లేనికి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "అది... అదేనండి..."

"భయమెందుకు? మెల్లగా ఊపిరి తీసుకోండి. ఇప్పుడు చెప్పండి."

తీసుకున్నాడు. చెప్పాడు.

బెదురుబెదురుగా వెనక్కి తిరిగాడు. ఆమె అప్పటికే ఇటు తిరిగి నిలబడి ఉంది. మాస్కు లేని ఆ మొహాన్ని అతను చూడటం అదే మొదలు. పిల్లలిద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నా కదలకుండా, అందరూ చూస్తుండగా, ఆమె తల ఊపింది.