సరస్సు ఒడ్డున మిరపకాయ పోపు

"మేకు అట్టా నిలువుగా కొడితే ఆగదండీ. గాలొచ్చిందంటే మీ టెంటు సరస్సులో ఈదుద్ది."

సుత్తి ఎత్తిన రాజ్యశ్రీ చేయి గాలిలోనే ఆగిపోయింది. జర్మనీలో, అడవి నడుమ, జోరువానలో తెలుగు! తలెత్తి చూస్తే రెయిన్‌కోటు టోపీకీ నీలం మాస్కుకీ మధ్య రెండు కళ్ళు నవ్వుతున్నాయి.

"మేం తెలుగోళ్ళమని ఎట్ల తెలిసింది?" అంది ఈషా.

"ఇందాకట్నుంచీ టెంటుని తిడుతున్నారుగా. ఆ తిట్లు వేరే భాషలో ఉండవు."

అతని పేరు విక్రాంత్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనా వచ్చి రెండో ఏడు నడుస్తోంది. ఒంటి గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని కూర్చుని విసిగిపోయి, టెంటు సంచిలో పెట్టుకుని ఒక్కడే వచ్చాడు. వీళ్ళిద్దరూ కైసర్స్‌లౌటర్న్‌లో మాస్టర్స్ విద్యార్థినులు. ముక్కులో పుల్ల పెట్టించుకుని, నెగటివ్ కాగితం చూపిస్తే గాని ఎవరినీ ఈ క్యాంపింగ్ స్థలం గేటు దాటనివ్వడం లేదు.

విక్రాంత్ మోకాళ్ళ మీద కూర్చుని మేకులన్నీ ఏటవాలుగా దిగ్గొట్టాడు. రాజ్యశ్రీ "థాంక్స్" అని మాత్రం అనగలిగింది.

"మా రాజీ ఇంతే. రోజుకి నాలుగు మాటలు. ఇయ్యాల్టి కోటా అయిపోయింది," అంది ఈషా.

"అయితే రేపు పొద్దున్నే వస్తాలెండి. ఫ్రెష్ స్టాకు ఉంటదిగా."

రాజ్యశ్రీ గబగబా టెంటులో దూరింది. వెచ్చబడ్డ చెంపల మీద మాస్కు ఉండటం ఎంత మేలో ఆమెకు మొదటిసారి తెలిసింది.

మాటలు తక్కువైనా ఆమె చూపుకి ఏదీ తప్పిపోదు. మర్నాడు పొద్దున టెంటు జిప్పు జానెడు తెరిచి చూస్తూ కూర్చుంది. ఆ అడవిలో వాన వచ్చి వెళ్ళిపోయేది కాదు, కాపురముండేది. చెట్ల మొదళ్ళకు మెత్తటి పచ్చని నాచు. కొమ్మ కొమ్మకూ నీటి బొట్లు. సరస్సు మీద పొగమంచు పరుపు పరిచినట్టుంది. విక్రాంత్ కాఫీ కప్పుతో ఒడ్డున నిలబడి బాతుతో మాట్లాడుతున్నాడు.

"ఏమ్మా, టెస్టు చేయించుకున్నావా? దూరం, దూరం. నీది వేరే ఇల్లు, నాది వేరే ఇల్లు. కలిస్తే కరోనా రూలు ఒప్పుకోదు."

రాజ్యశ్రీ దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇతనితో ఏమైనా మాట్లాడాలి. మాటలు రావు. వంటైతే వచ్చు.

ఆలోచన రాగానే గుండె కొంచెం జంకింది. హాస్టల్ వంటింట్లో ఒకసారి ఆమె పోపు వేస్తుంటే, పక్క గది అమ్మాయి ఏమీ అనకుండా సెంటు సీసా తెచ్చి గదంతా చల్లింది. తిట్టినా బాగుండేది. ఆనాటి నుంచి రాజ్యశ్రీ బ్రెడ్డూ పెరుగన్నంతోనే గడుపుతోంది. కానీ ఇది అడవి. ఇక్కడ సెంటు చల్లేదెవరు?

ఈషా ఈతకు వెళ్ళగానే చింతపండు నానేసింది. ఉల్లిపాయ సన్నగా తరిగింది. టెంటు ముందు చూరు కింద చిన్న గ్యాస్ పొయ్యి వెలిగించి, నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, అమ్మ పంపిన ఎండుమిరపకాయలు వేసింది. పచ్చిపులుసు చేసి, గిన్నెడు పక్కనే ఉన్న విక్రాంత్ టెంటుకి ఇచ్చి రావాలని.

మిరపకాయలు నల్లబడ్డాయి. వాన ఆ పొగను పైకి పోనివ్వలేదు. చెట్ల కింద నేలబారున పాకుతూ అది తిన్నగా పక్క టెంటులోకి వెళ్ళింది.

ముందు ఒక్క దగ్గు. తర్వాత వరసగా పది.

విక్రాంత్ కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా వంగిపోయి బయటికొచ్చాడు. అవతలి టెంటులో ముసలి దంపతులు దగ్గారు. వాళ్ళ అవతల పిల్లల తల్లి దగ్గింది. ఆ రోజుల్లో దగ్గంటే మాటలా? సర్రున జిప్పులు మూసుకున్నాయి. ముసలాయన ఉన్న మాస్కు మీద ఇంకో మాస్కు పెట్టుకున్నాడు. ఎవరో ఆఫీసు గుడిసె వైపు పరుగెత్తారు.

ఆ స్థలం చూసుకునే ఆవిడ, ఫ్రావ్ బ్రెండెల్, గొడుగు వేసుకుని వచ్చింది. "ముందు దగ్గింది ఎవరు?" అని జర్మన్‌లో గట్టిగా అడిగింది.

వేళ్ళన్నీ విక్రాంత్ వైపు తిరిగాయి.

ఆ పాటికి రాజ్యశ్రీ మూకుడు మీద మూత పెట్టి, దాన్ని టెంటు లోపలికి తోసి, అడ్డంగా కూర్చుంది. విక్రాంత్ ఒక్కసారి ఆమెకేసి సూటిగా చూశాడు. ఆ వాసన తెలియని తెలుగువాడు ఉంటాడా?

"అలర్జీ," అన్నాడు ఫ్రావ్ బ్రెండెల్‌తో. "చెట్ల పుప్పొడి పడదు నాకు."

"వానలో పుప్పొడా?" అందామె. "దగ్గున్నవాళ్ళు ఇక్కడ ఉండటానికి వీల్లేదు. సామాను సర్దుకుని గేటు దగ్గరికి రండి. బస్సు వస్తుంది."

రాజ్యశ్రీ నోరు తెరిచింది. సెంటు సీసా చప్పుడు చెవుల్లో వినిపించింది. నోరు మూసుకుంది.

ఈషా తడి జుట్టుతో తిరిగొచ్చేసరికి పక్క టెంటు ఉన్నచోట గడ్డి మాత్రమే ఉంది.

"ఏమైందే? మన హీరో సంచి ఎత్తుకుని పోతున్నడేంది?"

రాజ్యశ్రీ అంతా చెప్పింది.

"మరి నీ పోపని చెప్పలేదా?"

"చెప్పలే."

"ఎందుకే?"

"సిగ్గయింది."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ఇంకా ఎక్కువ సిగ్గయితుంది." మూకుడు మీది మూత తీసి మళ్ళీ పెట్టింది. "అప్పుడు వాసనకు సిగ్గువడ్డ. ఇప్పుడు నన్ను చూసి నాకే సిగ్గయితుంది. ఆయన నన్ను చూసిండు, ఈషా. చూసి కూడా నా పేరు చెప్పలే."

"అయితే ఉరుకు. పోయి చెప్పు."

"పోపుని జర్మన్‌ల ఏమంటరు?"

ఈషా బుర్ర గోక్కుంది. "పోపే లేనోళ్ళకి దాని పేరెక్కడిదే?"

రాజ్యశ్రీ పొయ్యి ఒక చేత్తో, మూకుడు ఇంకో చేత్తో పట్టుకుని, మిరపకాయల పొట్లం జేబులో వేసుకుని వానలోకి దిగింది. టెంట్ల మధ్య దారిలో నడుస్తుంటే ప్రతి జిప్పు సందులోంచీ ఎవరో చూస్తున్నట్టే అనిపించింది. మెడ వంచుకునే నడిచింది, కానీ ఆగలేదు.

గేటు పక్కన బెంచీ మీద విక్రాంత్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"కూసోండ్రి," అంది. అది అభ్యర్థన కాదు.

ఆఫీసు వసారాలో పొయ్యి పెట్టి వెలిగించింది. కిటికీలోంచి ఫ్రావ్ బ్రెండెల్ తొంగిచూసింది. "ఏం చేస్తున్నారు మీరు?"

"బిట్టే," అంది రాజ్యశ్రీ. దయచేసి ఆగమని. నూనె కాగింది. గుప్పెడు మిరపకాయలు పడ్డాయి.

ఫ్రావ్ బ్రెండెల్ ఒకసారి తుమ్మింది. దగ్గింది. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ దగ్గి, తలుపు తీసుకుని బయటికొచ్చి, వసారా స్తంభం పట్టుకుని నిలబడింది.

"అతను కాదు," అంది రాజ్యశ్రీ, వచ్చీరాని జర్మన్‌లో. "జబ్బు లేదు. ఇది. నేను." మూకుడు చూపించి, తన గుండె మీద వేలు పెట్టుకుంది. "నేను భయపడ్డాను. చెప్పలేదు. క్షమించండి."

ఫ్రావ్ బ్రెండెల్ మూకుడులోకి చూసింది. కారుతున్న కళ్ళతోనే నవ్వు ఆపుకోలేకపోయింది. "మీరు దీన్ని తింటారా? ఇష్టపడే తింటారా?"

"యా," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

విక్రాంత్‌కి ఆఫీసులోనే ఇంకో టెస్టు చేసింది. నెగటివ్. తీర్పు కూడా చెప్పింది: అతను ఉండొచ్చు. వంట మాత్రం సరస్సు ఆ కొసన, ఆఖరి చెట్టు దాటాక చేసుకోవాలి.

తిరిగి వస్తుంటే రాజ్యశ్రీ అడిగింది. "అలర్జీ అని ఎందుకు చెప్పిండ్రు?"

"గుంటూరోణ్ణండీ. మిరపకాయ ఘాటుకి దగ్గానని తెలిస్తే మావోళ్ళు ఊళ్ళోకి రానిస్తారా?"

ఆమె నవ్వలేదు. "నవ్వించకుండ్రి. తెలిసి కూడా దాసుకున్న నేను. కోపం రాలే మీకు?"

అతను సంచి భుజం మార్చుకున్నాడు. "వచ్చింది. బెంచీ మీద కూర్చున్నాక బాగానే వచ్చింది." తర్వాత మెల్లగా అన్నాడు. "అయినా బస్సు వస్తే ఎక్కలేదు."

"బస్సు వచ్చి పోయిందా?"

"పోయింది. మీరు వస్తారేమోనని."

"రాకపోతే?"

"రెండోది కూడా వదిలేసేవాణ్ణి. ఆ తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌కి నడవాల్సిందే."

వాన టెంట్ల మీద దబదబా కొడుతోంది. రాజ్యశ్రీ చెప్పుల వైపు చూస్తూ ఏదో అంది.

"ఏంటండీ? వానలో వినపళ్ళేదు."

ఆమె నిలబడింది. చుట్టూ టెంట్లు. సగం తెరిచిన జిప్పుల్లో ముఖాలు. మిరపకాయ పిల్ల వచ్చిందని ముసలావిడ ముసలాయన్ని మోచేత్తో పొడిచింది. పొద్దున్నైతే ఈ చూపులకే ఆమె భూమిలోకి కుంగిపోయేది. ఇప్పుడూ చెంపలు మండుతూనే ఉన్నాయి. అయినా తలెత్తింది.

"మీరంటే నాకిష్టం అంటున్న!"

అందరూ తలలు తిప్పి చూశారు. భాష రాకపోయినా ముసలాయనకు అర్థమైనట్టుంది, చప్పట్లు కొట్టాడు.

విక్రాంత్ సంచి తడినేల మీద జారవిడిచాడు. నిన్నటి నుంచీ మాటకు మాట అందిస్తున్నవాడికి ఇప్పుడు ఒక్కటీ తోచలేదు.

"ఏం, మీ కోటా అయిపోయిందా?" అంది రాజ్యశ్రీ. పొయ్యీ మూకుడూ అతని చేతుల్లో పెట్టి, అతని సంచి తనే ఎత్తుకుని, ఆఖరి చెట్టు వైపు ముందు నడిచింది.