ఎడమ సీటు

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో దుర్గేష్‌కి ఒక దుకాణం ఉంది. కారు సీటు కవర్లు, హారన్లు, అద్దానికి వేలాడే దేవుళ్లు అమ్ముతాడు. కారులో పెట్టుకునే సమస్త వస్తువుల గురించీ ఆయనకు తెలుసు. కారు గురించి మాత్రం అంతగా తెలియదు. ఈ రహస్యం ఆయనొక్కడికే తెలుసు. చుట్టాలందరి దృష్టిలో ఆయన మహా పండితుడు. ఇంట్లో ఎవరు సెకండ్ హ్యాండ్ బండి కొన్నా ముందు దుర్గేష్ చూడాల్సిందే. ఆయన బానెట్ ఎత్తించి, లోపలికి తొంగిచూసి "ఊఁ" అంటాడు. తర్వాత టైరుని ఓ తన్ను తంతాడు. ఇంతవరకూ ఏ టైరూ తిరిగి తన్నలేదు గనుక ఆయన పేరు చెడలేదు.

దుకాణంలో అన్నిటికన్నా జోరుగా అమ్ముడుపోయేది బొటనవేలంత ఇనుప బిళ్ల. బెల్టు పెట్టుకోకపోతే కారు కీ కీ మని మొత్తుకుంటుంది కదా. ఈ బిళ్లని బెల్టు తాళంలో దూర్చితే, పాపం, బెల్టు పెట్టేసుకున్నారనుకుని నోరు మూసుకుంటుంది. మన ఊరి జనానికి బెల్టు మీదకంటే బిళ్ల మీదే గురి. దుర్గేష్ జేబులో ఎప్పుడూ ఒకటుంటుంది, వ్యాపారి అన్నాక శాంపిల్ ఉండాలిగా.

అలాంటి పండితుడికి ఆగస్టులో పెద్ద పరీక్షే వచ్చింది. అక్క కామాక్షి కూతురు భవ్య, కంప్యూటర్ ఉద్యోగంలో నాలుగేళ్లు కూడబెట్టి, స్పోర్ట్స్ కారు కొంటానని కూర్చుంది. నాంపల్లి స్టేషన్ రోడ్డులో పెద్ద పెద్ద పాత కార్లు అమ్మే శ్యామ్‌సుందర్ దగ్గర ఒక పసుపు రంగు బండి చూసుకుంది కూడా. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తు.

అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, అది నా మాట వినదు. నువ్వు బాగుందంటే కొంటుంది, బాలేదంటే మానేస్తుంది. రేపు దానికేమన్నా అయితే నీ మొహం చూడను."

"ఊఁ," అన్నాడు దుర్గేష్.

శ్యామ్‌సుందర్ ముత్తాత జట్కాలు నడిపాడట. ఇప్పటికీ మాటలో గుర్రాలు పోలేదు. దుర్గేష్, భవ్య బండి చూడ్డానికి వెళ్తే అన్నాడు: "నాంపల్లి రోడ్ల మీద గీ బండి నడుపుడంటే రేసు గుర్రాన్ని టాంగాకు కట్టుడే భాయ్. ట్రాక్ మీదికి పోదాం. గాడ సూడున్రి దీని తమాషా."

 దుర్గేష్ జన్మలో చేసిన అతి పెద్ద సాహసం, సాయంత్రం ఆరింటికి నాంపల్లి స్టేషన్ ముందు యూ టర్న్.

రింగు రోడ్డు దాటాక మొక్కజొన్న చేల మధ్య ఉందా ట్రాక్. శనివారం మధ్యాహ్నం మూడింటికి వాళ్లు చేరేసరికి ముసురు పట్టేసింది. మబ్బు ఎంత కిందికి దిగిందంటే మూడింటికే దీపాలు పెట్టాలనిపించేంత. తారు నల్లగా, చేప వీపులా మెరుస్తోంది.

"వాన కదా, ఇంకో రోజు..." అని నసిగాడు దుర్గేష్.

"తడి మీదనే బండి అసలు గుణం తెలుస్తది భాయ్. పిల్లగాన్ని గూడ కోపంల ఉన్నప్పుడే సూడాలె," అన్నాడు శ్యామ్‌సుందర్. "ట్రాక్ మీద ఒక్కసారికి ఒక్కరే. నాలుగు రౌండ్లు మీరు, తర్వాత పాప."

"మామయ్యా, భయమైతే చెప్పు, ముందు నేనే నడుపుతా," అంది భవ్య.

"భయమా? నా లైసెన్సుకున్నంత వయసు లేదు నీకు!"

హెల్మెట్ పెట్టుకున్నాక ఆయన బోర్లించిన బిందెలా ఉన్నాడని భవ్య ఫోటో తీసింది. రేకుల షెడ్డు కింద నిలబడి చెయ్యూపింది.

మొదటి రౌండు పెళ్లి ఊరేగింపులా సాగింది. వెనక ఇంజను గుర్రుమంటోంది. కొత్త తోలు వాసన, తడి తారు వాసన. వైపర్లు అటూ ఇటూ. షెడ్డు ముందు నుంచి పోతూ దుర్గేష్ ఒక చెయ్యి కూడా ఊపాడు. అంతే, ధైర్యం వచ్చేసింది. రెండో రౌండులో కాస్త తొక్కాడు. బండి ఒక్క ఉదుటున ముందుకి దూకింది. పొట్టలోని టీ వెనక్కి వెళ్లి వీపుకి తగిలినట్టయింది.

అప్పుడు మొదలైంది.

కీ... కీ... కీ...

ఎదురుగా ఎర్ర బొమ్మ వెలిగింది. ఎడమ సీటులో మనిషి ఉన్నారు, బెల్టు లేదు.

దుర్గేష్ పక్కకి చూశాడు. ఎడమ సీటు ఖాళీ. సంచీ లేదు, ఫోను లేదు. చేత్తో తడిమాడు. తోలు చల్లగా తగిలింది. 'తడికి వైరు పాడైందిలే,' అనుకున్నాడు. ఇలాంటి జబ్బుకి మందు తన దగ్గరే ఉంది. జేబులోంచి బిళ్ల తీసి, ఎడమ చేత్తోనే వెతుక్కుని, సీట్ల మధ్యనున్న తాళంలో దూర్చాడు. క్లిక్.

కూత ఆగిపోయింది. 'పండితుడంటే ఊరికే అవుతాడా?' అనుకున్నాడు.

మూడో రౌండు. వాన పెద్దదైంది. లోపల వాసన మారింది. తోలు వాసన కాదు. తడిసిన జుట్టు వాసన. ఎవరో తల తుడుచుకోకుండా లోపలికొచ్చి కూర్చున్నట్టు. ఎడమవైపు అద్దం పొగపట్టింది. తన వైపుది తేటగా ఉంది. ఎడమవైపుది మాత్రం ఒకచోట గుండ్రంగా మసకబారుతోంది... మాయమవుతోంది... మళ్లీ మసకబారుతోంది...

ఊపిరిలా.

'ఏసీ,' అన్నాడు దుర్గేష్ పైకే. ఎవరికి చెప్పాడో ఆయనకే తెలియదు.

సర్ర్ర్...

ఎడమ సీటు బెల్టు. దానంతటది కిందికి జారుతోంది. నిదానంగా. జారి, ఖాళీ సీటు మీద అడ్డంగా సాగి, గాలిలో నిలబడింది. దాని కొస తాళం దాకా వచ్చింది.

టక్.

బిళ్లకి తగిలింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది.

టక్... టక్...

చీకట్లో తాళం కన్నం వెతుక్కునే చెయ్యిలా. తొందర లేదు మొదట్లో. తర్వాత తొందర వచ్చింది. టక్ టక్ టక్ టక్...

దుర్గేష్ ఆంజనేయ దండకం మొదలుపెట్టాడు. రెండో ముక్క గుర్తురాలేదు. బ్రేకు మీదికి కాలు వెళ్లాల్సింది, అది యాక్సిలరేటర్ మీదే కొయ్యబారిపోయింది. ఇది తర్వాత ఆయన ఎవరికీ చెప్పలేదు.

చెవి పక్కన, హెల్మెట్ అంచు కింద, చాలా మెల్లగా...

"మామయ్యా... అది తీయవా..."

ఈ భూమ్మీద ఆయన్ని మామయ్యా అని పిలిచేది ఒక్క మనిషే. దుర్గేష్ ఉలిక్కిపడి కుడివైపు చూశాడు. దూరంగా, వాన తెర అవతల, షెడ్డు కింద భవ్య ఉంది. గొడుగు పట్టుకుని. చెయ్యూపుతూ.

ఆ చూపే ముంచింది. మలుపు వచ్చేసింది.

వెనక చక్రాలు జారాయి. ప్రపంచం పక్కకి తిరిగింది. మొక్కజొన్న చేను... షెడ్డు... మబ్బు... మళ్లీ చేను... ఎడమవైపు నుంచి టైర్లు పేర్చిన గోడ దూసుకొస్తోంది. ఎడమవైపు నుంచే.

టక్ టక్ టక్ టక్ టక్...

"మామయ్యా!"

ఆలోచించి చేసిన పని కాదు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకోవడానికి ఎడమ చెయ్యి ఎలా వెళ్లేదో అలాగే వెళ్లింది. ఎర్ర మీట నొక్కి, బిళ్ల పీకి పారేశాడు.

క్లిక్.

ఆ వెంటనే గోడ.

వైపర్లు ఇంకా తిరుగుతున్నాయి. ఇంజను ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన పక్కన, ఖాళీ సీటు మీద, బెల్టు బిగుసుకుని ఉంది. వీణ తీగంత బిగువుగా.

శ్యామ్‌సుందర్ బురదలో పరిగెత్తుకొచ్చాడు. "దుర్గేష్ భాయ్! బతికున్నరా? బండి సంగతి ఫికర్ జేయకున్రి, ఇన్సూరెన్స్ ఉంది... ఔ గని, ఏంది గిది? ఖాళీ సీటుకు బెల్టెందుకు పెట్టిన్రు?"

దుర్గేష్ హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. 

శ్యామ్‌సుందర్ కుడి తలుపు తెరిచి, దుర్గేష్ మీదుగా వంగి ఎర్ర మీట నొక్కాడు. బెల్టు ఊడలేదు. రెండు చేతులతో నొక్కాడు. మనిషి బరువు మోస్తున్నప్పుడు ఎలా మొరాయిస్తుందో అలా మొరాయించింది. "గీ సీట్ల ఎన్నడూ ఎవ్వరు కూసోలే భాయ్. మొదటి ఓనర్ ఒక్కడే నడిపేటోడు," అని గొణిగాడు.

అప్పుడే భవ్య రొప్పుతూ వచ్చింది. వచ్చి, బండి పక్కన నిలబడి, నీళ్లలోంచి తల పైకెత్తిన మనిషిలా ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

బెల్టు దానంతటదే ఊడి, సర్రున వెనక్కి పోయింది.

శ్యామ్‌సుందర్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన గుర్రాల గురించి గానీ బండి గురించి గానీ ఒక్క మాట మాట్లాడలేదు.

"ఈ బండి వద్దమ్మా," అన్నాడు దుర్గేష్. జన్మలో మొదటిసారి "ఊఁ" అనకుండా తీర్పు చెప్పాడు. వారం రోజులు వాదిస్తుందనుకున్నాడు. భవ్య "సరే మామయ్యా" అంది. అంతే. ఆ తేలికదనమే ఆయనకి మింగుడుపడలేదు.

ఆబిడ్స్ చేరేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. దుకాణం తెరిచి, టీ తెప్పించాడు. అక్క ఫోన్. "ఏరా, పిల్ల క్షేమమేనా?"

"క్షేమమే అక్కా. కొనట్లేదు."

"అమ్మయ్య! నీ కడుపు చల్లగా," అంది అక్క.

భవ్య టీ గ్లాసు అందుకోబోయి "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. "పొద్దున్నుంచీ బాగానే ఉన్నా మామయ్యా. నువ్వు బండి గోడకి గుద్దినప్పట్నుంచి ఇక్కడ ఒకటే సలుపు."

మెడ దగ్గర కుర్తా అంచు కాస్త పక్కకి లాగి చూపించింది. ఎడమ భుజం మీద నుంచి ఛాతీ వైపు ఏటవాలుగా, మూడు వేళ్ల వెడల్పున, కమిలిన గీత. ఎర్రగా లేదు. వారం పది రోజుల నాటి దెబ్బలా, అంచులు పచ్చబడి, మానుతూ ఉంది, రేపెప్పుడో ఆ బండిలో తగలాల్సిన దెబ్బ ముందే తగిలిపోయినట్టు.

దుర్గేష్ తన చొక్కా గుండీలు విప్పి చూసుకున్నాడు. గోడకి గుద్దుకున్న ఆయన ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.