సానశాలలో పోయిన రాయి

"మా ఆయన దొంగ కాడండీ" అంది ఆవిడ, డిటెక్టివ్ కుర్చీ చూపించినా కూర్చోకుండా.

ఆమె భర్త వజ్రాలకు సానపట్టే పనివాడు. నిన్న పనిలో ఉండగా తన చక్రం మీది రాయిని కాజేశాడని కార్ఖానా షావుకారు నడివీధిలో నింద వేశాడు. సాయంత్రంలోగా రాయి తేకపోతే పోలీసులకు పట్టిస్తానన్నాడు. ఒకసారి దొంగ అనిపించుకున్నవాణ్ని ఈ పనిలో మళ్లీ ఎవరూ రాయి ముట్టనివ్వరు. కొన్నాళ్లుగా ఇంటికి సగం జీతమే తెస్తున్న ఆయన మాత్రం ఏమడిగినా నోరు విప్పడం లేదట.

డిటెక్టివ్ మారుమాట లేకుండా చెప్పులు తొడుక్కున్నాడు. అసిస్టెంట్ వెంట పరుగెత్తాడు. గురువుగారు మాట్లాడకుండా నడిచారంటే లోపల మండిపోతున్నారని అతనికి తెలుసు.

కార్ఖానాలో పనివాళ్లు తలలు దించుకుని చక్రాల ముందు కూర్చున్నారు. షావుకారు ఎదురొచ్చి తన కష్టాలు ఏకరువు పెట్టాడు. బేరాలు పడిపోయి వీధిలో సగం కార్ఖానాలు మూతబడ్డాయట. పని ఆపకుండా నడిపే కార్ఖానాలకే సర్కారు పనివాళ్ల జీతాల కోసం సాయం ఇస్తోందట. తను ఆపలేదట.

"రాయి పోయిన చక్రం ఇదేనా?"

"ఇదే. నిన్న కూడా గిర్రున తిరిగింది. ఒక్కరోజూ ఆగలేదు."

ఇనుప చక్రం నూనెతో నిగనిగలాడుతోంది. గురువుగారు కనుసైగ చేయగానే అసిస్టెంట్ జేబురుమాలుతో దాన్ని గట్టిగా తుడిచాడు. రుమాలు ఎర్రబడింది. మిగతా చక్రాలు తుడిచినా అంతే. డిటెక్టివ్ సాయం మంజూరు చేసే ఆఫీసరునీ, ఆ భార్యాభర్తలనీ పిలిపించి అందరినీ అక్కడే నిలబెట్టాడు.

"సానచక్రానికి పూసేది నూనె, వజ్రపు పొడి. పని జరిగి ఉంటే రుమాలుకి నల్లటి మడ్డి అంటాలి. అంటింది తుప్పు. ఆఫీసరు కంటికి మెరవాలని తుప్పు మీద నూనె పూశారు. ఇక్కడ ఏ చక్రమూ చాన్నాళ్లుగా తిరగలేదు. తిరగని చక్రం మీదికి రాయి ఎలా వచ్చింది, షావుకారుగారూ? లేని రాయిని ఎవడు దొంగిలిస్తాడు?"

మిగతాదీ డిటెక్టివే చెప్పాడు. పనివాళ్లను రోజూ రప్పించి ఊరికే కూర్చోబెట్టి, సర్కారిచ్చే జీతంలో సగం ఈ పెద్దమనిషి మింగుతున్నాడు. ఆ సగం ఏదని అడిగినవాడు ఒక్కడే. వాడు దొంగైపోయాడు. నిజం బయటపెడితే తోటివాళ్ల నోటిదగ్గర కూడు పోతుందని వాడు నోరు కుట్టేసుకున్నాడు. అవునా కాదా అంటే పనివాడు అవునని తలూపాడు.

ఆఫీసరు సాయం ఈరోజే ఆపేయిస్తానన్నాడు.

"ఆపితే పస్తులుండేది వీళ్లు. గుమ్మం దగ్గర టీ తాగి సంతకం పెట్టి పోయింది మీరు. ఇకనైనా జీతం వీళ్ల చేతికే ఇవ్వండి."

ఆఫీసరు సరేనని గొణిగాడు.

షావుకారు పనివాడి దగ్గరికొచ్చి, ఏదో నోరు జారానని మెల్లగా అన్నాడు. భార్య అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ కాదు. వీధిలోకి రండి. దొంగ అని అరిచింది అక్కడేగా."

షావుకారు ఆఫీసరు వంక చూశాడు. ఆఫీసరు మొహం తిప్పుకున్నాడు. పనివాళ్లు ఒక్కొక్కరే లేచి తలుపు దాకా దారి వదిలారు. వీధిలోకి వెళ్లాక షావుకారు, ఇతను దొంగ కాదని పెదవుల్లోనే అన్నాడు.

"వినబళ్లేదు" అంది ఆవిడ.