చెమట పట్టని పిల్ల

పెడనలో వేసవి ఉదయం వీధిలోనే మొదలవుతుంది. ఎండ రాకముందే మగ్గాలకెక్కాల్సిన పడుగులు బయటికి వస్తాయి. వీధి పొడవునా కర్రలు నిలబెట్టి, నూలు బారుగా లాగి కట్టి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరోవైపు నిలబడి కుంచెతో దువ్వుకుంటూ పోతారు. ఆ వేళలో అటుగా సైకిలు తొక్కుకొచ్చిన పాలవాడికైనా చీవాట్లు తప్పవు.

ఆదిశేషయ్య కుంచె పట్టుకున్నాడన్న మాటే గాని, చూపంతా వీధి చివర ఒళ్ళు సాగదీసుకుంటున్న కూతురు నాగదుర్గ మీదే ఉంది.

"మీ అమ్మాయి బాగా చిక్కిపోయిందయ్యా," అన్నాడు అవతలివైపు దువ్వుతున్న రత్తయ్య.

"చిక్కలేదు, బిగిసింది. ఆరితేనే కదా పడుగు బిగిసేది," అన్నాడు ఆదిశేషయ్య.

రత్తయ్య తలూపాడు. పరుగు విషయంలో ఆదిశేషయ్య మాటకు ఆ ఊళ్ళో తిరుగులేదు. కుర్రతనంలో బందరు నుంచి ఉయ్యూరు దాకా జరిగిన పందెంలో, మిగతావాళ్ళు దారిపొడవునా కూలబడిపోతుంటే, చెప్పుల్లేని కాళ్ళతో, గుక్కెడు నీళ్ళు ముట్టకుండా ఉయ్యూరు చేరిన మనిషి ఆయన. తర్వాత ఎన్ని పందేలు గెలిచినా జనం చెప్పుకునేది ఆ ఒక్కటే. టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చెబుతారు, చెప్పిన ప్రతిసారీ ఆనాటి ఎండ ఇంకాస్త పెరుగుతుంది.

గంజి పెట్టి ఆరబెట్టిన పడుగు మీద నీళ్ళు పడితే పోగులు మెత్తబడి అతుక్కుపోతాయి. అది ఇక మగ్గానికి పనికిరాదు. ఒళ్ళు కూడా అంతేనని ఆదిశేషయ్య నమ్మకం. అందుకే నాగదుర్గ పరుగుకు ముందు ఓ గ్లాసు గంజి తాగాలి. ఆ తర్వాత "పరుగు అయిపోయింది" అని తండ్రి నోటితో చెప్పేదాకా నీళ్ళ ఊసెత్తకూడదు. చెప్పేదాకా ఆయన కూడా ముట్టడు, అది వేరే సంగతి. ఆ నియమంతోనే ఆ పిల్ల జిల్లాలో అందరినీ వెనక్కి నెట్టింది. నెలాఖరున విజయవాడలో రాష్ట్ర జట్టుకు ఎంపిక. పదివేల మీటర్లు.

అయితే అది రెండువేల రెండు, మే నెల. ఎండదెబ్బకు జనం రాలిపోతున్నారని పేపర్లో రోజూ వస్తూనే ఉంది. ఆదిశేషయ్య ఆ పేపరు చదివి, మడిచి, పరుగును తెల్లవారుజాము నుంచి మిట్టమధ్యాహ్నానికి మార్చాడు. ఎండను గెలిచినవాళ్ళదే పందెం అన్నాడు.

ఆ రోజు పడుగు పని ముగించి మధ్యాహ్నానికి లోపలికి వచ్చేసరికి, భార్య చౌడేశ్వరమ్మ వంటింటి గుమ్మంలో కూతురి బనీను పట్టుకుని నిలబడి ఉంది.

"ఏవండీ, ఇది నిన్న పరిగెత్తినప్పటిది. పట్టుకు చూడండి."

"ఏముందందులో?"

"ఏమీ లేదు. అదే చెప్తన్నా. మొన్నటిదాకా పిండితే నీళ్ళు కారేవి, ఆరితే ఉప్పు చారలు కట్టేవి. ఇప్పుడు వేసుకెళ్ళినట్టే వస్తంది. దానికి చెమట పట్టట్లేదు."

ఆదిశేషయ్య ముఖం వెలిగిపోయింది. "పట్టదే. ఒళ్ళు కుదిరింది దానికి. ఇహ ఎంత దూరమైనా లాగుద్ది."

చౌడేశ్వరమ్మ ఆ బనీను ఆయన చేతిలో పెట్టింది. తను భయపడుతున్న దాన్నే ఆయన వరంలా చెబుతున్నాడు.

"రాత్రి పిక్కలు పట్టేసి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. ఒంటేలు కాఫీ రంగులో వస్తందంట. మీతో చెప్పొద్దంది."

"ఎందుకంట?"

"మీ మొహం చిన్నబోద్దంట."

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. "నాకూ అయినయ్యే అవన్నీ. ఉయ్యూరు చేరానా లేదా?"

"చేరారు. చేరాక కన్నతల్లిని గుర్తుపట్టలేక ఎవరు నువ్వని అడిగారంట. అత్తయ్య నాకు చెప్పి ఏడ్చింది. టీ కొట్టు దగ్గర ఆ ముక్క ఎవరూ చెప్పరేం?"

ఆదిశేషయ్య పళ్ళు బిగించాడు. "పరుగు గురించి నువ్వు నాకు చెప్పబాక," అన్నాడు. మాట మెల్లగానే వచ్చింది గాని, దాని వెనక తలుపు మూసేసినట్టే.

నాగదుర్గ బూట్లు కట్టుకుని వచ్చి మధ్యలో నిలబడింది. పెదవులు పగిలి ఉన్నాయి. "నాకేం కాలేదమ్మా. పోదాం పద నాన్నా," అంది. గొంతు బొంగురుగా, ఎవరో పెద్దావిడ గొంతులా వచ్చింది. చౌడేశ్వరమ్మ సైకిలు బుట్టలో పెట్టిన నీళ్ళ సీసాను ఆదిశేషయ్య తీసి అరుగు మీద పెట్టి, కూతురి వెనకే బయల్దేరాడు.

కాలవ గట్టు మీద పిట్ట కూడా లేదు. వేసవి కదా, కాలవలకు నీళ్ళు కట్టేసి చాలా రోజులైంది. అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది. నాగదుర్గ ముందు పరిగెడుతోంది, ఆయన సైకిలు మీద వెనక వస్తున్నాడు. పిల్ల మెడ ఎర్రగా, పొడిగా ఉంది. అడుగు ఎక్కడా తప్పడం లేదు. నా కాళ్ళే వచ్చాయి దీనికి అనుకుని మురిసిపోయాడు.

కొంతదూరం పోయాక ఆమె తల తిప్పకుండానే అడిగింది. "వాన పడతంది కదా నాన్నా?"

ఆయన పైకి చూశాడు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. "ఏంటమ్మా?"

ఇంకొంచెం దూరం పోయి ఆమె దారి వదిలేసింది. గట్టు దిగి, ఎండిన కాలవలోకి, అక్కడ నీళ్ళున్నట్టే చేతులు చాచుకుంటూ పరిగెత్తింది. ఆయన సైకిలు పడేసి వెనకాల దూకాడు. ఆయన చేరేసరికి నాగదుర్గ పడిపోయి ఉంది. పడిపోయినా కాళ్ళు మాత్రం పరిగెడుతూనే ఉన్నాయి.

ఒంటి మీద చెయ్యి వేస్తే పెనం ముట్టుకున్నట్టుంది. ఆదిశేషయ్య చుట్టూ చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నీళ్ళ కోసం వెతికాడు. ఎక్కడా చుక్క లేదు. కూతుర్ని భుజాన వేసుకుని గట్టెక్కి, వచ్చిన దారినే పరుగు లంకించుకున్నాడు. అంతకుముందు ఎన్నడూ ఆ దారి ఆయనకు అంత పొడుగ్గా అనిపించలేదు.

చౌడేశ్వరమ్మకు మనసొప్పక ఆటో మాట్లాడుకుని బిందెడు నీళ్ళతో వెనకే వస్తోంది. ఎదురుపడగానే పిల్లను తీసుకుని బిందె మొత్తం తల మీద గుమ్మరించింది. తడి చీరతోనే ఒళ్ళో పడుకోబెట్టుకుని బందరు ఆసుపత్రి దాకా కూర్చుంది.

కిడ్నీలు దెబ్బతినబోయాయని, ఇంకాస్త ఆలస్యమైతే చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడి, నాగదుర్గ కళ్ళు తెరిచింది. నర్సు చెంచాతో నీళ్ళు పట్టబోతే పెదవుల పక్క నుంచి కారిపోయాయి. పళ్ళు గట్టిగా బిగించి ఉన్నాయి.

"మింగట్లేదండీ. మీరొకసారి పట్టి చూడండి," అంది నర్సు.

చౌడేశ్వరమ్మ గ్లాసు తీసుకుంది. "తాగమ్మా, నా తల్లి కదూ," అని బతిమాలింది. గ్లాసు పెదవులకు తగలగానే పిల్ల తల పక్కకు తిప్పేసింది. ఆమె కళ్ళు గదంతా వెతికి, గుమ్మం దగ్గర గోడకు ఆనుకున్న తండ్రి దగ్గర ఆగాయి.

"ఇంకెంత దూరం నాన్నా?"

ఇదే చూపును ఆదిశేషయ్య బాట మీద ఎన్నిసార్లు చూశాడో. పట్టుదల అనుకుని ఊళ్ళో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. చచ్చిపోతున్నా తన మాట కోసం ఆగిపోయేంత భయం అది. ఆ భయాన్ని రోజూ గంజితో పాటు పోసి పెంచింది తనే.

మంచం దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "పరుగు అయిపోయిందమ్మా," అన్నాడు. "అయిపోయింది. తాగు."

నాగదుర్గ నోరు తెరిచింది. ఆత్రంగా, గటగటా తాగింది. ఆ చప్పుడు వింటూ ఆదిశేషయ్య మంచం పట్టె మీద తల ఆనించి, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

చౌడేశ్వరమ్మ ఆయన్ని ఓదార్చలేదు. ఆమె కోపం అంత తొందరగా పోయేది కాదు. కాసేపయ్యాక మాత్రం ఇంకో గ్లాసు నింపి ఆయన ముందు పెట్టింది.

"మీరూ తాగండి. పొద్దుట్నించీ ముట్టలేదు," అంది.

ఆయన కూతురి వైపు చూశాడు. నాగదుర్గ తలూపింది. అప్పుడు తాగాడు.