బతికుండగానే శోకం

పండిన అరటికాయలు మెత్తగా ఉడికాయి. ఎలోదియా కుండలోకి కవ్వం దించి మాదున్ జావ చిలకడం మొదలుపెట్టింది. భర్త పొద్దున్నే పడవ తీసుకుని అవతలి గట్టున ఉన్న తోటకు వెళ్లాడు. అమ్మకు ఇంత తాగించి తను బడికి పరుగెత్తాలి. ఉస్తుపు ద్వీపంలో పిల్లలకు స్పానిష్ చెప్పే పంతులమ్మ ఆమె.

వెనక్కి తిరిగేసరికి తల్లి ఓలోవైలి తన పడక ఊయలలో వెల్లకిలా పడుకుని, ఎర్రగుడ్డ ముఖం మీదికి లాక్కుని కదలకుండా ఉంది.

"అమ్మా!"

"అరవకే, బాగానే ఉన్నాను," అని గుడ్డ కిందనుంచి వినిపించింది. "ఇలా వచ్చి కూర్చో. నేను పోయాననుకుని శోకం పెట్టు. ఎలా పెడతావో వినాలి."

బతికున్న మనిషికి శోకమా! చావును పేరు పెట్టి పిలవడమే అది.

"పిచ్చా నీకు? ఇరుగుపొరుగు వింటే నోట్లో గడ్డి పెడతారు!"

"పెట్టనీ. మొన్న ఎమెలీనా పోయినప్పుడు చూశావుగా? నగరంనుంచి ముగ్గురు కూతుళ్లు దిగారు, ఒక్కదానికీ మన భాషలో నోరు పెగల్లేదు. చివరికి ఫోన్లో ఎవరి ఏడుపో పెట్టారు! ఎవరి తల్లి కథో వింటూ అది ఏ దారిన పోయిందో పాపం."

ఊరి ఆచారం అది కాదు. పోయిన మనిషి ఊయల పక్కన ఆడవాళ్లు కూర్చుని, ఆమె బతుకంతా రాగం తీసి చెబుతూ ఏడవాలి. చేసిన మేలూ, పడ్డ కష్టమూ ఏదీ వదలకూడదు. అది వింటేనే ప్రాణానికి దారి దొరుకుతుంది.

"వాళ్లతో నాకు పోలికేంటి? నీతో మన గునా భాషలోనే కదా మాట్లాడేది!"

"ఆఁ, మాట్లాడతావు. చేప తెచ్చారా, ఉప్పు సరిపోయిందా, స్నానం చేశావా! వాటితోనే నన్ను సాగనంపుతావా?"

ఎలోదియాకు రోషం వచ్చింది. పీట లాక్కుని కూర్చుంది.

"మా అమ్మా... ఏటికి పోయి నీళ్లు తెచ్చావు... రవికెల మీద బొమ్మలు కుట్టావు... నన్నొక్కదాన్నే కన్నావు..."

అంతే, మాట ఆగిపోయింది.

ఓలోవైలి ముఖం మీది గుడ్డ తీసేసింది. "తప్పు. ఒక్కదాన్ని కాదు."

"ఏంటీ?"

"నీకు ముందు ఇంకొకతి ఉండేది. మీ నాన్న అరటితోటల్లో కూలికి పోయినప్పుడు అక్కడే పుట్టింది. రెండేళ్లప్పుడు కడుపులో నొప్పి. ఆసుపత్రిలో డాక్టరు స్పానిష్‌లో ఏవేవో అడిగాడు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. బిడ్డ కడుపు చూపించాను, అంతే. సాయంత్రానికి చల్లబడిపోయింది. అక్కడే పూడ్చాం. పేరు కూడా లేదు, పిల్ల ఎదిగాక చేసే పేరు పెట్టే పండగ దాకా ఉంటే కదా!"

నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ ఇంత మాట దాచిందా!

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆ భాషంటే నీకు అసహ్యం పుట్టేది. బడికి పోయేదానివా? నీ బిడ్డకు నొప్పొస్తే చెప్పుకోడానికి నీకు నోరుండాలనుకున్నాను. అందుకే ఆడవాళ్లు శోకాలు పాడుతుంటే నువ్వొచ్చి కూర్చున్నప్పుడల్లా పుస్తకం తియ్యి పో అని తరిమాను. నా తప్పేనే ఇదంతా."

పాటల దగ్గర కూర్చునే యోగ్యత తనకు లేదని తల్లి తరిమేదనుకుంది ఎలోదియా. ఎన్నిసార్లు ఏడ్చిందో. ఇప్పుడు కన్నీళ్లు ఆగలేదు. ఎన్నడూ పిలవని పిలుపు రాగంతో సహా పైకి వచ్చింది.

"అక్కా... నీ నొప్పి చెప్పడానికి మా అమ్మకు నోరు లేకపోయిందక్కా... ఉప్పు సరిపోయిందా అని నిన్నెప్పుడూ అడగలేదక్కా..."

అవన్నీ వంటింటి మాటలే. అయినా గొంతు అంతకంతకూ లేచింది. చూస్తుండగానే పొరుగింటి దేలిసియా, వెనకే నలుగురు ఆడవాళ్లు శోకాలు తీస్తూ లోపలికి దూసుకొచ్చారు. ఓలోవైలి ఊయలలో లేచి కూర్చుంది. కెవ్వున కేకలు పడ్డాయి.

"నేనింకా పోలేదు, ఆగండర్రా!"

దేలిసియా గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. "కొంప ముంచావు కదే! మరి పోయిందెవరు?"

"నా పెద్దకూతురు," అంది ఓలోవైలి.

ఎప్పుడు, ఎలా అని ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరే ఊయల చుట్టూ కూర్చున్నారు. ఎలోదియా ఆపిన చోటునుంచి ఓలోవైలి ఆమె చెయ్యి పట్టుకుని, ఆ శోకాన్ని తనే అందుకుంది.