గ్రీజు కింద నీలం

ఉదయం తొమ్మిదిన్నరకి మెషిన్ ఆపారు. అప్పటికే ఆపరేటర్ ప్రాణం పోయింది.

బకెట్ మూతల అచ్చంటే రెండు ఇనుప పలకలు. అవి మూసుకున్నాక మధ్యలోకి కరిగిన ప్లాస్టిక్ దూరుతుంది. తెరుచుకోగానే మూత రాలుతుంది. ముందు తలుపు తీసి ఉంటే పలకలు కదలకూడదు. ఇరుక్కున్న మూత తీద్దామని అతను తలుపు తీసి లోపలికి వంగాడు. పలకలు కదిలాయి. తలుపు మూసే ఉందని మెషిన్ అనుకునేలా ఎవరో స్విచ్‌లో ఓ ముక్క దూర్చారు.

"వాడే దూర్చుంటాడు సార్," అన్నాడు ఫోర్‌మన్, విచారణకొచ్చిన ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌తో. "మాటిమాటికీ తలుపు వేసే ఓపికేదీ వాడికి? చేసుకున్నవాడికి చేసుకున్నంత."

పోయినవాడు ఫోర్‌మన్ చెల్లెలి మొగుడు. చెల్లెలు అక్కడే గోడకి ఆనుకుని కూర్చుంది. పొద్దున ఆలస్యమైందని తనే తిట్టి తరిమిందట. ఆ తొందరే మనిషిని మింగిందని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. రిపోర్టులో ఆపరేటర్ నిర్లక్ష్యమని రాస్తే సరిపోతుందన్నాడు యజమాని.

ఇన్‌స్పెక్టర్ స్విచ్‌లోంచి ముక్క లాగాడు. మూత నుంచి విరిచి పారేసే ప్లాస్టిక్ కాడ అది. గ్రీజు పట్టి నల్లగా ఉంది. రుమాలుతో తుడిచాడు.

నీలం.

మెషిన్ పక్క బుట్టలో కాడలన్నీ తెలుపు.

"నీలం మూతలు ఎప్పుడు పోశారు?"

"నిన్నటిదాకా సార్."

"నడిపిందెవరు?"

"నేనే. వాడు వారమంతా సెలవు. ఇవాళే వచ్చాడు."

"ఆ నీలం తుక్కేదీ?"

ఫోర్‌మన్ కాస్త గర్వంగానే చెప్పాడు. రంగు మార్చాక పాత తుక్కు గింజంత మిగిలినా తెల్ల మూతల మీద మచ్చలొస్తాయి. అందుకే నిన్న సాయంత్రమే అంతా తన చేత్తో గ్రైండర్‌లో పోశాడు. నేల ఊడ్చాడు. నలిగిన తుక్కు సంచులు గేటు దాటించాడు.

"అయితే మీ బావ వచ్చేసరికి ఇక్కడ నీలం ముక్కే లేదు."

"లే..."

ఇన్‌స్పెక్టర్ నీలం కాడ ఎత్తి చూపించాడు.

"మరి ఇదెక్కడిది?"

ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. పని జోరుగా సాగాలని దూర్చాడట. తీసేద్దామనే అనుకున్నాడట. మర్చిపోయాడట.

"మర్చిపోవడం పొరపాటు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చచ్చినవాడి మీదకి తోయడం పొరపాటు కాదు."

చెల్లెలు లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"నావల్లే పోయాడని ఇందాకట్నుంచీ ఏడుస్తున్నా. పక్కనే కూర్చుని నా వీపు నిమిరావు. నీవల్ల కాదమ్మా అని ఒక్క మాట నోట రాలేదా అన్నయ్యా?"