నాలుగు వేళ్ళ ఎత్తు

“ఆ ఎర్ర బండి మీకొద్దు,” అంది ఆ అమ్మాయి, నేను నా పాత బండి దిగి ఇంకా హెల్మెట్ కూడా తీయకముందే.

నాకు ఒళ్ళు మండింది. నాన్ అనే ఊళ్ళో నాకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వచ్చినవాళ్ళకి ముందు కుర్చీ వేస్తాను, తర్వాత పది ఫ్రేములు చూపిస్తాను. వద్దన్న మాట నా నోట రాదు. ఇదేం వ్యాపారం!

“ఎందుకొద్దు?”

“ఎత్తెక్కువ.”

“నేను మీకు పొట్టిగా కనిపిస్తున్నానా?”

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కింద కాస్త ఎక్కువసేపే చూసింది.

“అబ్బే!” అంది.

ఆ అమ్మాయి పేరు నిమ్. కొండదారుల్లో నడిపే ర్యాలీ బండ్ల సీట్లు మనిషి కొలతకి కోసి, మళ్ళీ కుట్టడం ఆమె పని. వాళ్ళ నాన్న లుంగ్ కాన్ (లుంగ్ అంటే మా భాషలో పెద్దాయన) పాత బండ్లు కొని, బాగుచేసి అమ్ముతాడు. ఆ రోజు వాళ్ళ వాకిట్లో రెండే ఉన్నాయి. ఎర్రదానికి ముందు గాలిని ఆపే నిలువెత్తు అద్దం, పెద్ద ట్యాంకు, ఎంత గొయ్యినైనా మింగేసే సస్పెన్షన్. ఇప్పుడే ఏదో ఎడారి పందెంలో గెలిచి వచ్చి నీళ్ళు తాగుతున్నట్టుంది. తెల్లది అంతకంటే పాతది, పద్దెనిమిది కిలోలు తేలిక, సీటు నాలుగు వేళ్ళు కిందికి. దాన్ని చూసి ఎవరూ ఈల వేయరు.

“బురదకొండ మీద గెలిచేది బరువు తక్కువున్న బండే,” అంది నిమ్.

ఫొటోలో గెలిచేది ఎర్ర బండే అని నా అభిప్రాయం. పైకి మాత్రం, “ఆలోచిస్తాను,” అన్నాను.

ఇక్కడ ఒక రహస్యం ఒప్పుకోవాలి. నా బూట్ల అడుగు మామూలు కంటే మందం. లోపల ఒకదానిమీద ఒకటి మూడు అట్టలు పెట్టుకునేవాణ్ణి. అన్నీ కలిపితే నాలుగు వేళ్ళ ఎత్తు. కాలేజీ రోజుల్నుంచీ ఊరంతా నన్ను ఆ నాలుగు వేళ్ళతో కలిపే ఎరుగును.

మళ్ళీ వెళ్ళాను. బండి కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. మూడోసారికి ఆ అబద్ధం నాకే నచ్చలేదు. కత్తి నోట కరుచుకుని, జుట్టు ముడేసుకుని, స్పాంజి ముక్క మీద సుద్దతో గీతలు గీసే ఆ పిల్ల మీద నేను మనసు పారేసుకున్నాను.

“ఎక్కండి, కొలత తీసుకోవాలి,” అంది ఒకరోజు. వాకిట్లో సన్నగా తుంపర పడుతోంది. ఎర్ర బండి ఎక్కాను.

“కాళ్ళు ఆనాయా?”

“ఆనాయి.”

“మడమలు?”

“అవి కూడా.”

“కింద నుంచి కోడిపిల్ల దూరిపోతోంది చూడండి.”

చూశాను. నిజంగానే దూరిపోయింది.

“ఒక వేలు మందం కోయండి చాలు,” అన్నాను బింకంగా.

“అలాగే. మీ మోకాళ్ళు మాత్రం భలే నిజాయితీగలవి,” అంది. అర్థంకాక పొగడ్తే అనుకున్నాను.

ఇంతలో పైనుంచి వాళ్ళమ్మ, “అన్నం వేళయింది, పైకి రా నాయనా!” అని కేక వేసింది.

వాళ్ళది కర్రల మీద నిలబడ్డ ఇల్లు. మెట్ల కింద చెప్పులు విడిచి పైకెళ్ళాలి. విడిస్తే నా ఎత్తు కూడా అక్కడే ఉండిపోతుంది, నేను మాత్రం పైకెళ్తాను. అందుకని ఆ రోజు కడుపునొప్పన్నాను. తర్వాతసారి ఉపవాసమన్నాను. ఆ తర్వాతసారి, నిక్షేపంలాంటి మా పిన్నిని ఆస్పత్రిలో చేర్చాను.

మా బండ్ల బృందం ఏటా చలి ముదిరేలోగా కొండమీది బడికి దుప్పట్లు మోసుకెళ్తుంది. ముందు బండి నిమ్‌ది. ఆమె వెనక ఎవరుండాలో లుంగ్ కాన్ తేలుస్తాడు. వెనకవాడి పని ఒక్కటే. ఆమె పడితే లేపాలి, తాను పడితే తనే లేవాలి. ఆ చోటు కోసం నేను చచ్చిపోతున్నాను. ఆ దారిలో ఆరు గంటలు ఆమె వెంట ఉంటే, మనసులో మాట ఎక్కడో ఒకచోట చెప్పేయొచ్చని నా ఆశ.

ప్రయాణానికి ముందురోజు లుంగ్ కాన్ నన్ను పిలిచాడు. చేతిలో పానా, మొహంలో ఉరుము.

“బాబూ యోత్! మూడుసార్లు అన్నానికి పిలిచాం. మా ఇంటి ముద్ద నీకు ఆనలేదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెగిరిందట! మెట్టెక్కనివాడివి నువ్వు కొండెక్కుతావా? మా ఇంట్లో తిననివాణ్ణి నా బిడ్డ వెనకాల పంపను. ఆ చోటు మీ బృందంలో ఉన్న పోస్టాఫీసు కుర్రాడికిస్తున్నా.”

“లుంగ్, అది కాదు...”

“ఏది కాదు?”

“పోనీ ఒక్కసారి ఎర్ర బండి మీద వాగు దాటి చూపిస్తాను,” అన్నాను. మూర్ఖుడికి ధైర్యమెక్కువ.

ఇంటి వెనక వాగు మోకాలి లోతే. సగం దూరం దొరబాబులాగే వెళ్ళాను. అక్కడ గుండ్రాయి మీద ముందు చక్రం పక్కకి జరిగింది. కాలు చాపాను. ఉండాల్సిన చోట నేల లేదు. బండీ నేనూ కలిసి నీళ్ళలోకి ఒరిగిపోయాం.

లేపబోయాను. లేవలేదు. నిమ్ వచ్చి, బండికి వీపు ఆనించి, కాళ్ళతో తన్నిపట్టి లేపింది. నేను వగరుస్తూ చూస్తున్నాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“నువ్వెంత ఎత్తో నాకు మొదటిరోజే తెలుసు,” అంది. అప్పటిదాకా ‘మీరు’ అనే పిల్ల. “బూటు పాదాన్ని పెంచుతుంది, తొడని పెంచదు. బండి మీద కూర్చుంటే మోకాలెక్కడుందో చూస్తే చాలు, మనిషి ఎత్తు నాకు తెలిసిపోతుంది.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వే చెబుతావని. మూడుసార్లూ అమ్మచేత పిలిపించింది నేనే.”

“దొంగా!”

“అబద్ధాలాడింది నువ్వు, దొంగని నేనా?” అంది. మళ్ళీ గొంతు తగ్గించింది. “నువ్వు పొట్టివాడివైతే నాకేం? కాలు ఆననిచోట ఆనిందంటావు చూడు, దానికి భయం. రేపు కొండమీద వెనక్కి చూస్తే నువ్వు లేకపోతే నేనేం కావాలి?”

ఆ మాటకి నా ఒంటిమీది చలి వదిలిపోయింది. సిగ్గు కూడా సగం వదిలింది.

తిన్నగా మెట్ల దగ్గరకెళ్ళాను. తాళ్ళు విప్పాను. ఒక బూటు, రెండో బూటు. మూడేసి అట్టలూ తీసి, అందరికీ కనబడేలా మెట్టు మీద ఆరబెట్టాను. ఉత్త పాదాలతో పైకెక్కాను.

“అయ్యో, పిల్లాడు మెట్ల మీదే కుంగిపోయాడేమిటే!” అంది వాళ్ళమ్మ.

లుంగ్ కాన్ కిందికి తొంగిచూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ కిందికి చూశాడు. “దీనికోసమా మీ పిన్నికి జబ్బు చేయించావు?”

“అవును లుంగ్. తప్పయిపోయింది.”

“పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా!” అని ఆయన చాపమీద పడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, జిగురన్నం బుట్ట నా ముందుకి తోశాడు. కాల్చిన మిరపకాయల పచ్చడి అద్దుకుని నేను మూడుపూటల బాకీ తిన్నాను.

“ఇంతకీ ఏ బండి?”

“తెల్లది. కాళ్ళు ఆనుతాయి.”

“చూసుకో మరి, మా అమ్మాయి నీకంటే రెండు వేళ్ళు ఎత్తు.”

“సీటైతే కోయించుకుంటాను గానీ లుంగ్, ఆమెని కోయించనుగా! నాకు అలాగే ఇష్టం.”

చాపమీద అందరి చేతులూ ఆగిపోయాయి. నోరు జారానని అప్పుడు తెలిసింది. వాళ్ళమ్మ ముసిముసిగా నవ్వింది. లుంగ్ కాన్ గొంతు సవరించుకుని, “వెనక బండి నీదే. పోస్టాఫీసు కుర్రాడికి నేను చెప్పుకుంటాలే,” అన్నాడు.

నిమ్ మాత్రం లేచి నిలబడింది. “బాగుంది! అందరూ ఒప్పేసుకున్నారు. నన్నడిగారా ఎవరైనా?” అని విసవిసా దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు కొండ. దుప్పట్ల మూటలు కట్టుకుని, ఎర్రమట్టి బురదలో ఆమె ముందు, నేను వెనక. నాలుగుచోట్ల జారాను. నాలుగుసార్లూ రెండు పాదాలూ నేలకానించి నిలదొక్కుకున్నాను. ఆమె ప్రతి మలుపులో వెనక్కి చూసింది. నేనున్నాను.

శిఖరం దగ్గర పొగమంచులో బండ్లాపాం. ఇద్దరం హెల్మెట్లు తీశాం. కాళ్ళు నేలమీదున్నా నోరు మాత్రం వణికింది.

“నిమ్, నిన్న అడగకుండా తప్పు చేశాను. ఇప్పుడడుగుతున్నా. నువ్వంటే నాకు ప్రాణం. నన్ను చేసుకుంటావా?”

ఆమె చేతి తొడుగు మీది బురద తీరిగ్గా దులుపుకుంది. “బండి తేల్చుకోడానికి నీకు మూడు వారాలు పట్టింది. నాకూ మూడు వారాలు కావాలి.”

నా మొహం వాడిపోయింది. న్యాయమే మరి. తలూపాను. ఆమె హెల్మెట్ పెట్టుకుని, గేరు వేసి, పది గజాలు పోయి ఆగింది.

“ఎప్పట్నుంచి మూడు వారాలో అడగవేం?”

“ఎప్పట్నుంచి?”

“నువ్వు మొదటిసారి మా వాకిట్లో నిలబడి, పొట్టిగా ఉన్నానా అని పోట్లాడిన రోజు నుంచి. నిన్నటితో అయిపోయాయి.”

అని, వెనక చక్రంతో ఇంత బురద నా మొహాన కొట్టి, బడి వైపు దూసుకుపోయింది. నేను తుడుచుకోకుండానే వెంటపడ్డాను.